వైరు నీది, గోడ నాది

పోయిన వారం జీవితను ఫోను పక్కన కూర్చోబెట్టి వదిలేశాం. ఈ వారంలో మనం వంటలు చేసుకున్నాం, దుప్పట్లు ఉతుక్కున్నాం, ఒకటో రెండో పెళ్ళిళ్ళకు పోయి సాంబారు బాగలేదని చెప్పుకున్నాం. ఆమె మాత్రం లేవలేదు. లేస్తే ఫోను మోగుతుందేమోనని భయం. కూర్చుంటే మోగడం లేదని భయం.

కొత్తగా చదివేవాళ్ళకూ, చదివి మరిచిపోయినవాళ్ళకూ నాలుగు మాటలు చెప్పి ముందుకు పోదాం. కడపలో ఏసేపు సారని ఒక హెడ్‌మాస్టరు ఉండేవాడు. భార్య కృపమణి పేరు మీద ఒక మిద్దె కట్టించి, అందులోనే కన్నుమూశాడు. ఇద్దరు కొడుకులూ వేరు పడాలనుకున్నారు. కోర్టుకు పోవడం విశ్వాసులకు మంచి సాక్ష్యం కాదని చర్చి సంఘంలో అన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక కానుక సంచిలో రెండు చీట్లు వేసి, పాస్టరయ్య కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, సండే స్కూలు పాప చేత తీయించాడు. పెద్దవాడు దావీదురాజుకు ముందిల్లు వచ్చింది. వీధి, వరండా, మిద్దెమీదికి మెట్లు దాంతోనే పోయాయి. చిన్నవాడు అరుణ్ కుమార్‌కు వెనకిల్లు వచ్చింది. దాంతో పాటు సందు, సందులోని మురిక్కాలువ కూడా వచ్చాయి. దేవుడు వేసిన చీటీ కాబట్టి ఎవరూ నోరెత్తకూడదు. మురిక్కాలువ గురించి అసలు ఎత్తకూడదు.

నట్టింటికి అడ్డంగా కడప బండలు నిలబెట్టి గోడ కట్టారు. రోలు ఒకరికి, పొత్రం ఒకరికి పోయాయి. కృపమణమ్మను నెలవంతున పంచుకున్నారు. ఎవరి నెలలో వాళ్ళింట్లోనే ఉండాలి, వంతు మధ్యలో అటూ ఇటూ తిరిగితే లెక్క చెడుతుందని దావీదురాజు నియమం పెట్టాడు. ఇన్ని పంచుకున్నవాళ్ళకు ఒక్క ఫోను వైరు గుర్తు రాలేదు. అది వీధి స్తంభం నుంచి ముందింటి వరండాలో ఉన్న డబ్బాలోకి దిగి, ముందింటి గోడంతా పాకి, బండగోడలో ఒక బొక్కలోంచి వెనకింటికి వస్తుంది. ఆ కొసన జీవిత కూర్చుని ఉంది.

ఆమె అరుణ్ కుమార్ భార్య. బీయస్సీ చదివింది. కర్నూలు ఆస్పత్రివాళ్ళొకరు ఇంట్లో కూర్చుని చేసే పని ఇచ్చారు. ఏ డాక్టరు ఏ రోజు ఉంటాడు, రక్తపరీక్షకు తిని రావాలా తినకుండా రావాలా అని అడిగేవాళ్ళకు చెప్పడం. తీగ ఫోను తప్పనిసరి అన్నారు. సెల్లుంటే బతికిపోయేదే, కానీ ఆ బండల మధ్య సెల్లుకు ఊపిరాడదు. మిద్దె మీద ఆడుతుంది. మిద్దె బావది. ఇప్పుడు ఆ తీగ ఫోను పగటిపూట ఎప్పుడు పడితే అప్పుడు చచ్చిపోతోంది, ఎప్పుడు పడితే అప్పుడు బతుకుతోంది. సూపర్వైజరు భూపేష్ మర్యాదస్థుడు. ఈ రోజు మధ్యాహ్నం తానే ఒకసారి ఫోను చేసి చూస్తానని, ఎత్తితే ఉద్యోగం ఖాయమని, ఎత్తకపోతే ఇంకెవరికన్నా ఇవ్వక తప్పదని, ఏమీ అనుకోవద్దని చెప్పాడు. ఆమె ఏమీ అనుకోకుండా ఉండటానికి చాలా కష్టపడుతోంది.

ఎందుకంటే ఉద్యోగం పోతే కోడుమూరే. అక్కడ అత్తగారి పుట్టింటివైపు కొంత మెట్టచేను ఉంది, వాన చూసి చాలా కాలమైంది. మొగుడూ పెళ్ళాలు పోయి దాన్ని చూసుకోండి, వెనకిల్లు నేను సర్దుకుంటానని బావ ఎప్పటినుంచో అంటున్నాడు. బండల లారీ తోలే అరుణ్ కుమార్ ఇప్పటికే సగం తల ఊపాడు. మిగతా సగం పెళ్ళాం ఉద్యోగం పట్టుకుని ఆపుతోంది. ఈ వారం లారీ తమిళనాడు వైపు పోయింది. తలా మొగుడూ రెండూ ఊళ్ళో లేవు.

ఇక ఈ పొద్దున జరిగింది.

టెలిఫోను మనిషి గిడ్డయ్య వచ్చాడు. అదే ఒక విశేషం. వరండా డబ్బా మూత తీసి, తన ఫోను తగిలించి, మంచి పాట వింటున్నవాడిలా కాసేపు తల ఊపాడు.

"డబ్బా కాడ టోను బెమ్మాండంగా ఉండాదమ్మా. డబ్బా దాకా మాది. లోపలిది మీది."

లోపలంటే ఏ లోపల అని జీవిత అడిగింది. డబ్బా దాటితే వచ్చేది బావ లోపల, తన లోపల ఆ అవతల ఎక్కడో ఉంది. ముందింటికి తాళం వేసి ఉంది. గిడ్డయ్య ఇట్లాంటి ఇండ్లు కడపలో వీధికి రెండు చూశాడు. ఎందుకైనా మంచిదని ఆఫీసుకు ఫోను చేశాడు. ఇంటి లోపలి వైరింగు బాగు చేయించుకోవాల్సింది కస్టమరే, కస్టమరంటే కనెక్షను ఎవరి పేరున ఉంటే వాళ్ళే అని ఆఫీసు చెప్పింది. కనెక్షను ఏసేపు సారు పేరున ఉంది.

అంటే ఆయన సమాధిలోంచి లేచి వచ్చి వైరు చూసుకోవాలి. విశ్వాసుల ఇంటి కోడలు కాబట్టి ఆయన లేవడం గురించి జీవితకు అనుమానం లేదు. మధ్యాహ్నం లోపల లేస్తాడా అన్నదే అనుమానం.

పోనీ కొత్త వైరు వేయమంది. సందులో స్తంభం లేదు, మిద్దె మీదుగా తీసుకురావాలి, మిద్దె ఎవరిదమ్మా అన్నాడు గిడ్డయ్య. పేరు మార్పించుకోమన్నాడు. దానికి ఇంటి ఓనరు సంతకం కావాలి. ఓనరు అత్తమ్మ, ఈ నెల ఆమె బావ వంతు. అత్తమ్మకు కొన్నాళ్ళుగా మతిమరుపు వచ్చింది. రెండు వారాల కింద చర్చిలో జీవిత వందనాలు చెబితే, "ఎవురమ్మా నువ్వు?" అని అడిగింది. ఆ రోజు ఇంటికొచ్చి జీవిత వంకాయలు తరుగుతూ ఏడ్చింది. వంకాయలకు ఎవరూ ఏడవరు కాబట్టి ఆ సంగతి మొగుడికి కూడా తెలిసిపోయింది.

గిడ్డయ్య డబ్బా మూస్తుండగానే దావీదురాజు మోటారుసైకిలు దిగాడు. ఊరి బయట అతనికి బండలు పాలిషు పట్టే యార్డు ఉంది. సంఘంలో పెద్ద. ఎవరితో మాట్లాడినా వాక్యం చదువుతున్నంత నిదానంగా మాట్లాడతాడు, మధ్యలో ఎవరన్నా అడ్డం పడితే మళ్ళీ మొదటినుంచి చదువుతాడు. జీవిత సంగతంతా చెప్పింది. ఒక్కసారి తలుపు తీస్తే ఈ అన్న లోపల వైరు చూసుకుని పోతాడని బతిమాలింది.

అమ్మ పండుకొనుందని, కొత్త మొగాన్ని చూస్తే బెదురుకుంటుందని దావీదురాజు అన్నాడు. ఆమె వీధిలోకి పోయి తప్పిపోతుందని తాళం వేసి పోతున్నానని, అదీ ఒక సేవేనని అన్నాడు. వైరు సంగతో అని జీవిత మళ్ళీ ఎత్తింది.

"సూడు జీవితా. వైరు నీది. గోడ నాది. నీ వైరును నేను ముట్టను, నా గోడను నువ్వు ముట్టొద్దు. చీటీలో వచ్చింది మనం మారస్తే ఎట్లమ్మా?"

గిడ్డయ్య మెచ్చుకోలుగా చూశాడు. ఆఫీసువాళ్ళు కూడా ఇంత స్పష్టంగా చెప్పలేకపోయారు. ఇంత అవస్థ పడేకంటే కోడుమూరు పోతే గాలీ వెలుతురూ ఉంటాయి కదా అని దావీదురాజు సలహా చెప్పి, తాళాన్ని ఒకసారి లాగి చూసి, బండెక్కి వెళ్ళిపోయాడు. గిడ్డయ్య కూడా పక్క వీధిలో ఇంకో పని ఉందని పోయాడు.

జీవిత సందు తిరిగి ఇంటికొచ్చింది. రిసీవరు ఎత్తి చూసింది. రాతిలాగుంది. వీధిలో ఉన్న మాట డబ్బా దాకా వస్తోంది, డబ్బా నుంచి తన దాకా ఉన్న నాలుగు బారల గోడలో ఎక్కడో పడిపోతోంది, ఆ నాలుగు బారలూ బాగు చేసే మనిషి భూమ్మీద లేడు. కోపం ఎవరి మీద చూపాలో తెలియక వైరు మీద చూపించింది. బండగోడ బొక్కలోంచి వచ్చే ఆ వైరును పట్టుకుని ఒక్క లాగు లాగింది. జానెడు వచ్చింది.

తర్వాత ఆ జానెడూ వెనక్కి పోయింది.

ఎలుకనుకుంది. మళ్ళీ లాగింది. అవతలి నుంచి రెండుసార్లు లాగారు. ఎలుకలకు అంత పట్టుదల ఉండదు. బొక్కలో చలిగాలికని కుక్కిన పాత గుడ్డను పీకేసి, నేలమీద మోకాళ్ళూని నోరు అక్కడ పెట్టింది.

"అత్తా?"

"గట్టిగా అరవగాకు," అంది గోడ. "చెవుడని యాడా చెప్పలే నేను. మతి లేదని మాత్రమే చెప్పినా."

జీవితకు మొదట నవ్వొచ్చింది, తర్వాత చర్చి గుర్తొచ్చింది. చర్చిలో నన్నెవరని అడిగినావు గదా అత్తా అంది. పక్కనే నా కొడుకు నిలబడి ఉంటే ఏమని అడగమంటావు అంది కృపమణమ్మ.

అవతల మంచం లాక్కుని గోడకు ఆనుకున్న చప్పుడయ్యింది. ఆ బొక్కలోంచి, వైరు పక్కనుంచి, సంగతంతా కొంచెం కొంచెంగా బయటికొచ్చింది. ఇల్లు మొత్తం తన పేరున రాసిమ్మని పెద్దకొడుకు పండగ ముందు నుంచీ అడుగుతున్నాడు. ఆమె ఏ మాటా చెప్పలేక రోజులు జరిపింది. చివరికొక రోజు కారు తెచ్చి రిజిస్ట్రారాఫీసుకు పిలుచుకుపోయాడు. సంతకం పెట్టు పెద్దమ్మా అని రిజిస్ట్రారు పెన్ను ఇస్తే, ఆమె అతని మొహంలోకి పారజూసి, "నువ్వు ఎవురి కొడుకువు నాయనా?" అని అడిగింది. ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట, దేవుడే నోట్లో పెట్టాడేమో. మతి స్థిరంగా లేని మనిషి చేత రాయించుకోకూడదని వాళ్ళు వెనక్కి పంపేశారు. ఆ రోజు నుంచి ఆమె మరిచిపోవడం మొదలుపెట్టింది. ఉప్పు ఎక్కడుందో మరిచిపోయింది, పెద్దకోడలి పేరు మరిచిపోయింది. ఆ మరుపు అంత బాగా పండింది కాబట్టే వీధిలో తప్పిపోతుందని తలుపుకు తాళం పడింది. టీచరు కోడలు ప్రసన్నకుమారి బడికి పోతుంది, కొడుకు యార్డుకు పోతాడు, సాయంత్రం దాకా ఆమె, నాలుగు గోడలు. సెల్లు తీసి దాచిపెట్టారు. మతి లేని మనిషికి సెల్లెందుకు?

కాదని మొహం మీదే చెప్పొచ్చు కదా అత్తా అని జీవిత అంది. 

"కొడుకు అడిగితే కాదనే నోరు నాకు లేదు జీవితా. మర్చిపోయే నోరే ఉండాది."

అప్పుడు ఫోను సంగతి వచ్చింది. ఏసేపు సారు కొడుకులు వెనక గదిలో చదువుకునే రోజుల్లో, పరీక్షలప్పుడు వాళ్ళకు స్నేహితుల ఫోన్లు పోకుండా నడిమి గదిలో ఒక మీట పెట్టించాడు. ఇటు తిప్పితే నడిమి గదిలో ఫోను పలుకుతుంది, వెనక ఫోను చస్తుంది. అటు తిప్పితే వెనకది బతుకుతుంది. దాన్నెప్పుడో పీకేశామని అన్నదమ్ములిద్దరూ అనుకుంటున్నారు. పీకలేదు. ట్రంకు పెట్టె వెనకాల పడి ఉంది, పాత నల్ల ఫోను కూడా అక్కడే ఉంది. తాళం పడిన రెండో రోజు ఊడుస్తుంటే ఆమె చీపురుకు తగిలింది. అప్పటినుంచి కొడుకు బండి చప్పుడు వీధి మలుపు దాటి పోగానే మీట తిప్పి, తనకు నోటికొచ్చిన ఒకే ఒక్క నంబరుకు చేస్తోంది. కోడుమూరులో తమ్ముడు లాజరుకు. వచ్చి నన్ను పిలుచుకుపోరా అని.

మాట్లాడాక మీట మళ్ళీ నా వైపు తిప్పొచ్చు కదా, నా ఉద్యోగం పోతాండాది గదత్తా అని జీవిత మొత్తుకుంది. తిప్పడం మరిచిపోయానంది కృపమణమ్మ. అబద్ధాల మరుపా అని అడిగితే, కాదు, అది నిజంగానే మరిచిపోయానంది.

ఇంతకీ లాజరు మామ మంచివాడే, కానీ పదిసార్లు చెప్పందే కదిలే మనిషి కాదు. తొమ్మిదిసార్లు చెప్పడం అయ్యింది. నిన్న చివరికి సరేనన్నాడు, మధ్యాహ్నం అన్నానికి ఇంటికొస్తా, అప్పుడొకసారి ఫోను చెయ్యి, ఏ బస్సుకు వచ్చేదీ చెప్తా అన్నాడు. ఆ మధ్యాహ్నమే ఇది. భూపేష్ ఫోను చేసే మధ్యాహ్నమూ ఇదే. వైరు ఒకటి.

సంఘం పెద్దలకు చెబుతానంది జీవిత. నాకు మతి ఉందని అందరికీ తెలిసిన రోజే నా చేతికి పెన్ను వస్తుంది, ఊరుకో అంది అత్త. కావాలంటే మీట నీ వైపు తిప్పుతా, నీ ఉద్యోగం నీ బతుకు, నేను ఇంకో రోజు చేసుకుంటానని కూడా అంది. ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది, ఎక్కడా జాలి కలపలేదు. అదే జీవితకు తట్టుకోవడం కష్టమయ్యింది. ముందు నువ్వు చేసుకో, తొందరగా ముగించి మీట తిప్పు అంది.

అవతల డయల్ తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. లాజరు మామ దొరకడం లేదు. బిజీ అంటోందని అత్త చెప్పింది. ఇంత ఎండలో ఆ మనిషి ఎవరితో మాట్లాడుతున్నాడో జీవితకు అర్థం కాలేదు. అర్థమయ్యేలోపల వీధిలో మోటారుసైకిలు ఆగింది. తాళం తీసిన చప్పుడు వినిపించింది.

లాజరు మామ మాట్లాడుతున్నది దావీదురాజుతోనే. మీ అమ్మ రోజూ ఫోను చేస్తాంది, పిలుచుకుపొమ్మంటాంది, ఏ బస్సుకు వస్తే బాగుంటుందని మేనల్లుడినే అడిగాడు. మంచివాళ్ళు చేసే పనులన్నీ ఇట్లాగే ఉంటాయి.

కాసేపటికి బొక్కలోంచి బావ గొంతు, రమ్మని. పిలుపులో కోపం లేదు. జీవిత అలవాటు ప్రకారం తన తలుపుకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని, సందు చుట్టూ తిరిగి ముందింటికి వచ్చింది. గోడ కట్టాక ఆ గడప తొక్కడం ఇదే మొదలు.

నడిమి గదిలో కృపమణమ్మ మంచం మీద కూర్చుని, చీర అంచును ఎన్నడూ చూడని వస్తువులాగా చూస్తోంది. ట్రంకు పెట్టె పక్కకు జరిపి ఉంది. పెట్టె మీద నల్ల ఫోను. మంచం తలవైపు గోడకు అరచేతంత చెక్క డబ్బా, దానికి ఇత్తడి మీట. గిడ్డయ్య కటింగ్ ప్లేయరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్క వీధిలో పని చేసుకుంటున్నవాణ్ణి దావీదురాజే పిలుచుకొచ్చాడు.

"ఎవురమ్మా నువ్వు?" అంది కృపమణమ్మ జీవితను చూసి.

ఈసారి జీవితకు ఏడుపు రాలేదు.

దావీదురాజు ఎంతో నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఎవరో అమ్మ చేత ఫోన్లు చేయిస్తున్నారు, ఆమెకు నంబర్లు తిప్పేంత తెలివి లేదు, ఎవరో వెనకనుంచి చెప్పి చేయిస్తున్నారు. ఎవరని నేను అడగను, ప్రభువుకు తెలుసు. ఇక ఆ మాట వదిలేద్దాం. ఇంతకీ నీ ఫోను చెడింది ఈ పాత మీట వల్లనే. దీన్ని కత్తిరించి పారేసి, వైరు నేరుగా నీ ఇంటికి కలిపిస్తా, ఖర్చు నాది. పొద్దున గట్టిగా మాట్లాడినందుకు ఏమనుకోవద్దు.

పొద్దున్నుంచీ జీవిత దేవుణ్ణి అడిగింది సరిగ్గా ఇదే. మాట పొల్లుపోకుండా ఇచ్చాడు. ఈ మీట తెగితే ఆమె ఫోను ఇక ఎప్పటికీ చావదు. కృపమణమ్మకు మాత్రం ఆ గదిలో బయటికి పోయే దారి ఇంకొకటి లేదు.

గిడ్డయ్య ప్లేయరు తెరిచి, ఆగాడు. ఆయనకొక ధర్మసందేహం వచ్చింది. లోపలి వైరు కస్టమరుది, కస్టమరు చెప్పకుండా కత్తిరిస్తే రేపు మాట తన మీదికి వస్తుంది. కస్టమరు సమాధిలో ఉన్నాడు. ఇక్కడున్నవాళ్ళలో వైరు ఎవరిదో వాళ్ళే నోరు తెరిచి చెప్పమన్నాడు.

"ఆమెదే," అన్నాడు దావీదురాజు. "పొద్దున నీ ముందరే చెప్పినా గదప్పా."

ఇద్దరూ జీవిత వైపు చూశారు. కృపమణమ్మ చీర అంచు వైపే చూస్తోంది, కానీ వేళ్ళు కదలడం మానేశాయి.

"కత్తిరించొద్దన్నా," అంది జీవిత.

దావీదురాజు తనకు సరిగా వినపడలేదనుకున్నాడో ఏమో, నీ ఉద్యోగం కోసమే కదమ్మా అని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. నాకు ఇష్టం లేదు బావా, అంతే అంది. ఎందుకు ఇష్టం లేదంటే చెప్పలేదు. చెప్పడానికి ఉన్న ఒకే ఒక్క కారణం మంచం మీద మతి లేకుండా కూర్చుని ఉంది. పొద్దుటి నుంచీ ఫోను బాగుచేయమని వీధంతా వినపడేలా ఏడ్చి, ఇప్పుడు వద్దంటున్న మనిషిని గిడ్డయ్య జాలిగా చూశాడు. ఈ ఇంట్లో మతిమరుపు ఒక్కరికే కాదేమో అనుకుని ఉంటాడు.

నల్ల ఫోను మోగింది.

గది చిన్నది, గంట పాతకాలపు గంట. ఆ మోత బండల మీద పడి పైకి లేచింది. భూపేష్. జీవిత ముందుకు అడుగు వేసింది. అంతకంటే ముందే దావీదురాజు అరచెయ్యి రిసీవరు మీద పడింది. ఎత్తడానికి కాదు, ఎత్తనివ్వకుండా ఉండటానికి.

"వైరు నీదే. మోగేది నా ఇంట్లో గదా," అన్నాడు. "ఊ అను, మీట తీసేస్తాడు. నీ ఫోను నీ ఇంట్లోనే మోగుతాది."

ఇంకోసారి మోగింది. ఇంకోసారి. అతని చెయ్యి కింద ఫోను వణుకుతోంది. జీవిత ఊ అనలేదు, కానీ అనకుండా ఉండటానికి ఇంక ఎంతసేపు చేతనవుతుందో ఆమెకే తెలియదు.

అప్పుడు కృపమణమ్మ మంచం మీది నుంచి చెయ్యి చాపింది. తడుముకోలేదు, వెతుక్కోలేదు. ఇత్తడి మీటను టకీమని అటు తిప్పేసింది.

దావీదురాజు అరచేతి కింద గంట ఆగిపోయింది. అదే గంట గోడ అవతల మొదలైంది.

"పో, ఎత్తుకో పో. ఆపేస్తాడు," అంది కోడలితో.

అనేశాక ఆమెకు తెలిసింది ఏం చేసిందో. గదిలో అందరికీ తెలిసింది. గిడ్డయ్యకు కూడా ఏదో తెలిసినట్టే ఉంది. ప్లేయరు సంచిలో వేసుకుని, లోపలిది మాది కాదు, మీరే సూసుకోండని చెప్పి, వరండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

దావీదురాజు ఫోను మీది నుంచి చెయ్యి తీశాడు. తల్లి వైపు తిరిగాడు. అతనికి కోపం వస్తే బాగుండేది. మెల్లగా మొహం విప్పారింది.

"నువ్వు పోమ్మా జీవితా, ఫోనెత్తుకో. తలుపు తీసే ఉండాది, నేనేమన్నా ఆపినానా?" అన్నాడు. తర్వాత మంచం ముందర గొంతుక్కూర్చుని, తల్లి మోకాలి మీద చెయ్యి వేసి, పసిబిడ్డను అడిగినట్టు అడిగాడు. "అమ్మా, నీ కండ్లద్దాలు యాడ పెట్టినావు? ఇప్పుడు గుర్తొచ్చింటాది గదా. రిజిస్ట్రారాఫీసు ఇంకా మూసుండరు."

వెనకింట్లో ఫోను మోగుతోంది. తలుపు నిజంగానే తెరిచి ఉంది, ఎండ గడప దాకా వచ్చి నిలబడింది. పరుగెత్తితే సందు తిరిగి పోయేలోపల ఇంకా మోగుతూనే ఉండొచ్చు. ఉద్యోగం ఖాయం. కోడుమూరు తప్పుతుంది. జీవిత గడప దాకా పోయింది కూడా.

"ఎవురమ్మా నువ్వు?" అంది వెనకనుంచి కృపమణమ్మ. "మా ఇంట్లో నీకేం పని? పో ఇంటికి."

ఆ నటన నమ్మేవాళ్ళు ఇప్పుడు ఆ గదిలో ఎవరూ లేరు. ఆమె అది తన కోసం చేయడం లేదు.

జీవిత వెనక్కి వచ్చింది. మంచం మీద అత్త పక్కన, ఇద్దరి భుజాలూ తగిలేటట్టు కూర్చుంది. కూర్చుని, బావ మొహంలోకి కాకుండా గోడలోకి చూస్తూ ఆ గంట వినసాగింది. ఎప్పుడు ఆగుతుందా అని కాదు. ఆగాక ఇక వినడానికి ఏమీ ఉండదు కదా అని.

ఆగింది. కానీ అది విసుగు పుట్టి ఆగిన ఆగడం కాదు. మోత సగంలో ఉండగా, ఎవరో రిసీవరు ఎత్తితే ఎట్లా తెగుతుందో అట్లా తెగింది.

జీవిత చెయ్యి కొంగు ముడి మీదికి పోయింది. తాళంచెవి అక్కడే ఉంది. ఉన్నవి రెండే చెవులు, రెండోది లారీతో పాటు తమిళనాడు వైపు పోయింది.

గుడ్డ పీకేసిన బొక్కలోంచి, వైరు పక్కనుంచి, ఎవరో గొంతు సవరించుకోవడం వినిపించింది.

దావీదురాజు లేచి నిలబడ్డాడు. కానీ ఆ దగ్గు ఎవరిదో అతనికంటే ముందు గుర్తుపట్టింది కృపమణమ్మే, గుర్తుపట్టనట్టు ఉండాలన్న సంగతి కూడా ఆ క్షణంలో నిజంగానే మరిచిపోయింది.